ఫైనల్‌కి చవక సీటే 4,185 డాలర్లట! వరల్డ్ కప్ టికెట్ల మీద మాట్లాడుకుందాం రండి

ఫ్రిస్కో_ఫార్వర్డ్ (డాలస్) | డిసెంబర్ 12, 2025

జర్మనీ ఫుట్‌బాల్ సంఘం నిన్న 2026 వరల్డ్ కప్‌కి తమ అభిమానుల కోటా టికెట్ల ధరలు బయటపెట్టింది, చూశారా? గ్రూప్ మ్యాచ్‌లు 180 నుంచి 700 డాలర్ల దాకా ఉన్నాయి. ఫైనల్‌కి అన్నిటికన్నా చవక సీటు 4,185, ఖరీదైనది 8,680. మన రూపాయల్లో ఆ చవక సీటే మూడు లక్షల డెబ్భై వేలు దాటిపోతోంది. ఇదేమన్నా బ్లాకులో అమ్మేవాడి రేటా? కాదు. సొంత జట్టు వెనకాల దేశాలు పట్టి తిరిగే వాళ్ల కోసమని ఒక్కో జట్టుకీ పక్కన పెట్టే 8 శాతం సీట్ల అసలు రేటే ఇది.

2018లో అమెరికా, కెనడా, మెక్సికో మూడూ కలిసి ఈ టోర్నీకి బిడ్ వేసినప్పుడు ఏమన్నారో గుర్తుందా? గ్రూప్ మ్యాచ్‌లు 21 డాలర్ల నుంచి మొదలు, ఫైనల్‌కి ఎంత ఖరీదైనా 1,550 అన్నారు. అప్పుడా కాగితం చూసి ఓట్లు వేయించుకున్నారు.

మా ఇంటి నుంచి ఆర్లింగ్టన్ స్టేడియం కార్లో ముప్పావుగంట. అర్జెంటీనా మ్యాచ్‌లు రెండు ఇక్కడే పడ్డాయి, జూన్ 22న ఆస్ట్రియాతో, 27న జోర్డాన్‌తో. మావాడికి పదకొండేళ్లు. ఫ్రిజ్ మీద ఆ రెండు తేదీలూ రాసి అంటించాడు. ఆ రేట్ల లెక్కన నలుగురం వెళ్తే తక్కువలో తక్కువ 720, పైన 2,800. పార్కింగు, తిండి వేరే. ఒక్క ఆటకి ఇంత పెట్టడానికి మనసొప్పడం లేదు. మానుకుందామా అంటే మళ్లీ మన గుమ్మంలోకి వరల్డ్ కప్ ఎప్పుడొస్తుంది?

మీరంతా ఏం చేస్తున్నారు?

ఆఫ్‌సైడ్_అప్పారావు (కాకినాడ) | డిసెంబర్ 12

ఏం చేస్తామండీ, తెల్లవారుజామున లేచి టీవీ పెట్టుకుంటాం. సోఫా ముందు వరస, టీ ఉచితం, రీప్లే అదనం. ఇరవై ఏళ్ల బట్టి మాంచెస్టర్ యునైటెడ్‌ని ఇలాగే చూస్తున్నాను, పైసా ఖర్చయింది లేదు. ఈమధ్య ఆరోగ్యం మాత్రం ఖర్చవుతోంది.

రెవెన్యూ_రాంబాబు (అట్లాంటా) | డిసెంబర్ 12

నాకు తిట్లు తప్పవని తెలిసే రాస్తున్నాను. నేను విమాన టికెట్ల ధరలు లెక్కకట్టే పనిలో ఉన్నాను. సీటు పాలప్యాకెట్ కన్నా త్వరగా చెడిపోయే సరుకు. ఆట మొదలయ్యాక ఖాళీ సీటు విలువ సున్నా. అలాగే లక్షమంది కావాలనే సీటుని 60 డాలర్లకి ఇస్తే అది చివరికి 60కి కూర్చునేవాడి దగ్గర ఉండదు. కొన్నవాడు మర్నాడే 900కి అమ్ముకుంటాడు. అంటే మీరు ధర తగ్గించినంత మాత్రాన అభిమానికి చేరదు, మధ్యవాడికి చేరుతుంది. ఆ డబ్బు నిర్వాహకుడికే వస్తే కనీసం ఆటకి వెళ్తుంది కదా?

ఇంకో మాట. గిరాకీని బట్టి ధర మార్చే డైనమిక్ ప్రైసింగ్‌తో గంటగంటకీ రేటు మారుతోందని అందరూ అంటున్నారు. ఇప్పుడు నడుస్తున్న లాటరీ విడతలో ధర స్థిరం. విడతకీ విడతకీ మధ్య మారుస్తున్నారు. తిట్టండి, కానీ సరిగ్గా తిట్టండి.

ఎడిసన్_శ్రీదేవి (న్యూజెర్సీ) | డిసెంబర్ 12

రాంబాబు గారూ, మీ లెక్క మా ఊరి స్టేడియంలో ఎలా పనిచేసిందో చెప్తా వినండి. మొన్న జూలైలో క్లబ్ వరల్డ్ కప్ సెమీఫైనల్ చెల్సీ, ఫ్లూమినెన్స్ మధ్య ఇక్కడే మెట్‌లైఫ్‌లో జరిగింది. మామూలు టికెట్ 473 డాలర్ల 90 సెంట్ల దాకా ఉన్నది, ఆటకి కొద్ది రోజుల ముందు 13 డాలర్ల 40 సెంట్లకి దిగింది. అచ్చుతప్పు కాదు, పదమూడే. ముందే కొన్నవాళ్ల మొహాలు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోండి. మయామీలో ప్రారంభ మ్యాచ్‌కైతే అక్కడి కాలేజీ పిల్లలకి 20 డాలర్లకి ఐదు టికెట్ల దాకా ఇచ్చారు, అదీ మెస్సీ ఆడే మ్యాచ్‌కి.

మా ఆయన సహోద్యోగి ఒకాయన పెందలాడే మొత్తం ధర పెట్టి కొన్నాడు. ఆట రోజున ఆయన పక్కసీట్లో కుర్రాడు పాప్‌కార్న్ కంటే టికెట్టే చవకని ఫోన్లో ఎవరికో చెప్తున్నాడట. అభిమానంతో ముందు కొన్నవాడికి శిక్ష, చివర్లో తీరిగ్గా వచ్చినవాడికి బహుమానం. విమానంలో ఇది నడుస్తుందేమో గానీ ఆటలో నడిస్తే ఎవడు ముందు కొంటాడండీ?

రెవెన్యూ_రాంబాబు | డిసెంబర్ 12

అది డిమాండ్‌ని తప్పుగా అంచనా వేసిన కేసు. వరల్డ్ కప్‌కి ఆ డౌటు లేదు.

నల్లకుంట_నంబర్10 (హైదరాబాద్) | డిసెంబర్ 13

అన్నలూ అక్కలూ, మీ లొల్లి చదువుతుంటే నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో సమజైతలేదు. మీ తాన టికెట్ ఎక్కువైందని బాధ, మా తాన ఉన్న క్లబ్బే పోయింది. 2022 మార్చిల గోవాల, ఫటోర్డాల కేరళ మీద పెనాల్టీలల్ల గెల్సి హైదరాబాద్ ఎఫ్‌సీ మన దేశం లీగు ఐఎస్‌ఎల్ కప్పు ఎత్తింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిండు, ఆ రాత్రి మా గల్లీల పటాకులు కాల్చినం. మూడేండ్లు తిరిగెతలికి అప్పులు, జీతాలు లేవు, ఆఖరికి ఆ టీమును ఢిల్లీకి పట్కవోయిన్రు. గచ్చిబౌలిల టికెట్ బిర్యానీ కన్నా చవక ఉండె, అయినా సగం స్టాండు ఖాళీ.

మా తాత రహీం సాబ్ జమానల ఫతే మైదాన్‌కు పోయేటోడు. హైదరాబాద్ సిటీ పోలీస్ ఆట ఉన్నదంటే దుకాణం బంద్ పెట్టి పోతుండెనంట. రహీం సాబ్ కోచ్‌గ ఇండియా 1951ల, 1962ల ఏషియన్ గేమ్స్ గోల్డ్ కొట్టింది, 56 ఒలింపిక్స్‌ల నాలుగో స్థానం. గసొంటి ఊర్ల ఇయ్యాల ఫుట్‌బాల్ పేరు మీద ఏం జరుగుతుందో తెల్సా? మెస్సీ ఉప్పల్‌కు వస్తుండు. ఫలక్‌నుమాల ఆయనతోని ఫొటో దిగాల్నంటే పది లక్షల చొప్పున అడిగిన్రు. ఫొటోకు! ఆటకు గాదు.

నేను మాత్రం పోతున్న. స్టాండుల అగ్గువ సీటు కొన్న. రాత్రి వచ్చి రాస్త.

ఆఫ్‌సైడ్_అప్పారావు | డిసెంబర్ 13

పది లక్షలిస్తే మా వీధిలో నాతో ఫొటోకి పందిరి కూడా వేయిస్తాను.

కాప్_డాక్టరమ్మ (లివర్‌పూల్) | డిసెంబర్ 13

నైట్ డ్యూటీ నుంచి వచ్చి చూస్తున్నాను, మంచి చర్చే పెట్టారు. అప్పారావు గారూ, మీ యునైటెడ్ సంగతి ముందు. పోయినేడు నవంబర్ చివర్లో, సీజన్ మధ్యలో, మిగిలిన మెంబర్ టికెట్లన్నీ 66 పౌండ్లు చేశారు. అంతకు ముందు పెద్దవాళ్లకి 40 నుంచి, పిల్లలకి 25 నుంచి ఉండేవి. పిల్లలకీ, ముసలివాళ్లకీ రాయితీ తీసేశారు. ఎందుకయ్యా అంటే ఫుల్‌హామ్ టికెట్ కంటే యునైటెడ్ టికెట్ తక్కువకి అమ్మడం సబబు కాదన్నది క్లబ్బు సహయజమాని రాట్‌క్లిఫ్ గారి వాదన. ఫుల్‌హామ్ వాళ్లు థేమ్స్ ఒడ్డున కొత్త స్టాండు కట్టి సీజన్ టికెట్ 3,000 పౌండ్లకి పెట్టారు. దాన్నా కొలమానంగా పెట్టుకోవడం?

రాంబాబు గారి ప్రశ్న దగ్గరకొస్తాను. డబ్బు ఆటకే వెళ్తుందన్నారు. ఇక్కడి పై స్థాయి లీగైన ప్రీమియర్ లీగ్ 2025 నుంచి నాలుగేళ్లకి బ్రిటన్‌లోని టీవీ హక్కులే 670 కోట్ల పౌండ్లకి అమ్మింది. బయటిదేశాల హక్కులు వేరే. అంత వస్తున్నప్పుడు గేటు దగ్గర ఇంకో పది పౌండ్లు పిండడం వల్ల క్లబ్బుకి కలిసొచ్చేది ఆ డబ్బు ముందు చిన్న మొత్తమే. కుటుంబానికి మాత్రం అది రావడమా మానడమా అన్నంత.

ఇక్కడివాళ్ల కోపానికి పాత చరిత్ర ఉంది. 1989లో హిల్స్‌బరోలో తొక్కిసలాటలో 97 మంది పోయారు, అందరూ మా ఊరి జట్టు చూడ్డానికి వెళ్లినవాళ్లు. తర్వాత దాని మీద విచారణ జరిపి ఇచ్చిన టేలర్ రిపోర్టు నిలబడే స్టాండులు తీసేసి అంతా సీట్లు వేయమంది. నిలబడేవాడు ఇచ్చే డబ్బుకి దగ్గరగానే చవక సీటు ఉండొచ్చని కూడా అందులోనే ఉంది, గ్లాస్గోలో ఐబ్రాక్స్‌లో సీటు 6 పౌండ్లేనని ఉదాహరణ చూపించి మరీ. క్లబ్బులు మొదటి సలహా పాటించాయి. రెండోది చదవనట్టు ఊరుకున్నాయి.

ఫ్రిస్కో_ఫార్వర్డ్ | డిసెంబర్ 13

డాక్టరమ్మ గారూ, 2016లో మీ దగ్గర జనం మధ్యలో లేచి వెళ్లిపోయారు కదా, అప్పుడు మీరు అక్కడే ఉన్నారా?

కాప్_డాక్టరమ్మ | డిసెంబర్ 13

ఉన్నాను. ఫిబ్రవరి 6, సండర్‌లాండ్‌తో మ్యాచ్. కొత్త మెయిన్ స్టాండులో 77 పౌండ్ల టికెట్ పెడుతున్నామన్నారు, అందుకని 77వ నిమిషంలో లేద్దామని వారం నుంచి అనుకున్నారు. మా కోచ్ క్లాప్‌కి అపెండిక్స్ ఆపరేషన్ అయింది, ఆయన రాలేదు. మా వార్డులో అదే జోకు, టికెట్ రేటు చూసి కడుపునొప్పి వచ్చిందని.

మేం 2-0తో గెలుస్తున్నాం. నిజం చెప్పొద్దూ, గెలుస్తున్న ఆట వదిలి ఎవరు లేస్తారులే అనుకున్నాను. నా పక్కన డెబ్భై దాటిన పెద్దాయన, నిలబడే రోజుల నుంచీ వస్తున్న మనిషి. 75వ నిమిషంలో ఫ్లాస్కు మూత బిగించాడు, కోటు గుండీలు పెట్టుకున్నాడు, మనవడి మెడచుట్టూ మఫ్లరు సర్దాడు. గడియారం 77కి రాగానే సీటు టప్పున మడతపడింది. తర్వాత వరస, ఆ పై వరస. మడత సీట్లు ఒకదాని వెనక ఒకటి పడే ఆ చప్పుడు కింది నుంచి పైదాకా పాకింది. పదివేల మంది దాకా లేచారని పేపర్లు రాశాయి. బయటికొచ్చి రోడ్డు దాటుతుంటే లోపల కేక వినిపించింది, అది సండర్‌లాండ్ వాళ్ల కేక. చివరికి 2-2.

నాలుగు రోజుల్లో యజమానులు క్షమాపణ చెప్పి 77 రద్దు చేశారు. గరిష్ఠ ధర 59 దగ్గరే రెండు సీజన్లు ఆపారు. మరుసటి నెలలో ప్రీమియర్ లీగ్ క్లబ్బులన్నీ బయటి ఊరి అభిమానుల టికెట్ 30 పౌండ్లు దాటకూడదని ఒప్పుకున్నాయి, ఇప్పటికీ అదే 30. దానికి చాలా ఏళ్ల ఉద్యమం ఉందనుకోండి. 2013లో ఆర్సెనల్ మ్యాచ్‌కి 62 పౌండ్లంటే మాంచెస్టర్ సిటీ అభిమానులు 912 టికెట్లు వెనక్కి పంపారు. ఆట అయ్యాక లైన్స్‌మన్ ఒకాయన, అరవై రెండు పౌండ్లిచ్చి వచ్చారు, వెళ్లి పలకరించండని సిటీ ఆటగాళ్లని అటు పంపాడు. మైక్‌లో పడింది ఆ మాట.

రాంబాబు గారి లెక్క ప్రకారం 30 పౌండ్ల టికెట్ బ్లాకులోకి పోవాలి. పెద్దగా పోదు. ఎందుకంటే ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ టికెట్ అనుమతి లేకుండా తిరిగి అమ్మడం 1994 నుంచి నేరం. పైగా ఎవరు ఎన్ని మ్యాచ్‌లకి వెళ్లారో క్లబ్బు లెక్క ఉంచుకుంటుంది, టికెట్ ఆ లెక్క మీదే వస్తుంది. అమ్ముకుంటే మెంబర్‌షిప్ పోతుందన్న భయం ఉంది.

రెవెన్యూ_రాంబాబు | డిసెంబర్ 13

అదే నేను చెప్పేది కూడా. ధర తగ్గించడం ఒక్కటే చేస్తే లాభం లేదు, టికెట్‌ని మనిషికి కట్టేయాలి. పేరు, ఐడీ, గేటు దగ్గర తనిఖీ. అది చేయగలిగితే 30 పెట్టండి, 20 పెట్టండి, నాకేం అభ్యంతరం? అమెరికాలో ఆ అలవాటు లేదు. ఇక్కడ సీజన్ టికెట్ కొన్నవాడు సగం మ్యాచ్‌లు అమ్ముకుని మిగతా సగం ఉచితంగా చూడటం మామూలు విషయం.

ఎడిసన్_శ్రీదేవి | డిసెంబర్ 13

మధ్యవాడు, మధ్యవాడు అంటున్నారు. ఆ మధ్యవాడెవరో చూశారా? టోర్నీ నడిపే ఫిఫా, టికెట్లు తిరిగి అమ్ముకోడానికి పెట్టిన సొంత రీసేల్ వేదికలో అమ్మేవాడి దగ్గర 15 శాతం, కొనేవాడి దగ్గర 15 శాతం తీసుకుంటున్నారు. అమెరికాలో ఎంతకైనా అమ్ముకోవచ్చు. మెక్సికోలో మాత్రం అసలు ధర దాటకూడదు, అక్కడి చట్టం ఒప్పుకోదు. అంటే ఒకే టోర్నీ, ఒకే వేదిక, సరిహద్దు దాటితే నీతి మారిపోయింది. వెయ్యి డాలర్ల టికెట్ చేతులు మారిన ప్రతిసారీ వాళ్లకి 300. బ్లాకు ఆపడానికి ధర పెంచాం అనేవాళ్లు బ్లాకులో వాటా తీసుకోరు.

రెవెన్యూ_రాంబాబు | డిసెంబర్ 13

ఆ 30 శాతం దగ్గర నేను మీతోనే.

నల్లకుంట_నంబర్10 | డిసెంబర్ 14

ఉప్పల్ పోయొచ్చిన. మనూరు ఇజ్జత్ కాపాడుకుంది, పొల్లగాండ్లతోని ఆడిండు, బంతులు స్టాండులకు తన్నిండు, సీఎం సుత ఆడిండు. మంచిగనే అయింది. నాకైతే మెస్సీ బొటనవేలంత కనపడ్డడు, పెద్ద తెర మీదనే సక్కగ చూసిన.

కోల్‌కతల మాత్రం పొద్దుగాల ఆగమాగమైంది, టీవీల చూసే ఉంటరు. వేలకు వేలు వెట్టి సాల్ట్ లేక్ స్టేడియంకు వోతే చుట్టూ లీడర్లు, సెల్ఫీలోళ్లు. స్టాండులోనికి మనిషి కనవడలే. జరసేపట్ల ఎళ్లిపోయిండు. జనం కుర్చీలు వీకి గ్రౌండ్‌లకు ఇసిరిన్రు, నిర్వాహకున్ని పోలీసులు పట్కవోయిన్రు. కుర్చీ ఇరగ్గొట్టుడు తప్పే. గానీ ఆ పొల్లగాడు నెల జీతం వెట్టి కొన్నది కుర్చీ గాదు గదా.

ఆఫ్‌సైడ్_అప్పారావు | డిసెంబర్ 14

సీరియస్‌గా ఒకటి అడుగుతా. ప్రభుత్వం రేటు కట్టడి చేస్తే? మా దగ్గర 2021లో సినిమా టికెట్లకి చేశారు కదా, జీవో 35. పల్లెటూరి హాల్లో నేల టికెట్ ఐదు రూపాయలు. ఏమైంది? మా పక్క ఊరి హాలువాడు ఏసీ ఆపేశాడు, తర్వాత హాలే మూసేశాడు. మళ్లీ 2022 మార్చిలో కొత్త జీవో ఇచ్చి పెంచారు. ఇప్పుడేమో కొత్త సినిమా వస్తే పెంచుకోడానికి జీవో. కింద పెట్టినా గోలే, పైన పెట్టినా గోలే.

రూర్_విద్యార్థి (డోర్ట్‌మండ్) | డిసెంబర్ 14

అప్పారావు గారూ, ప్రభుత్వం లేకుండానే రేటు కింద ఉండే ఊరు ఒకటుంది, నేనిక్కడ మాస్టర్స్ చేస్తున్నాను. డోర్ట్‌మండ్ దక్షిణ స్టాండులో దాదాపు పాతికవేల మంది నిలబడి చూస్తారు. టికెట్ ఇరవై యూరోలకి అటూ ఇటూ. అదే టికెట్ చూపిస్తే ఆట రోజు లోకల్ రైలు కూడా ఉచితం.

కారణం ఏంటంటే జర్మనీలో 50+1 అని నియమం. క్లబ్బు ఓట్లలో సగానికి మించి మెంబర్ల చేతిలోనే ఉండాలి. ఒకటి రెండు క్లబ్బులకి మినహాయింపు ఉందిలెండి. పెట్టుబడిదారుడు వచ్చి ఒక్క రాత్రిలో రేటు రెట్టింపు చేయలేడు, మెంబర్ల సమావేశంలో సమాధానం చెప్పుకోవాలి. అయినా మా వాళ్లు ఊరుకోరు. 2016 ఫిబ్రవరిలో స్టట్‌గార్ట్‌లో కప్పు మ్యాచ్‌కి రేటు ఎక్కువని డోర్ట్‌మండ్ అభిమానులు మొదటి ఇరవై నిమిషాలు లోపలికే రాలేదు, వచ్చాక టెన్నిస్ బంతులు గ్రౌండ్‌లోకి విసిరారు. 2024లో లీగ్‌లోకి పెట్టుబడిదారుణ్ని తెస్తామంటే వారాల తరబడి మళ్లీ టెన్నిస్ బంతులే. ఆటలు ఆగిపోయి, ఫిబ్రవరి 21న లీగ్ ఆ ప్రయత్నం మానుకుంది. 2015లో బయర్న్ అభిమానులైతే లండన్ వెళ్లి ఆర్సెనల్ మ్యాచ్‌కి 64 పౌండ్లేంటని మొదటి ఐదు నిమిషాలు స్టాండు ఖాళీగా వదిలేశారు.

ఇక అసలు సంగతి, చవకే గానీ దొరకదు. సీజన్ టికెట్ ఉన్నవాడు వదలడు. తాత పోతే మనవడికి వెళ్తుంది. నాకు హాస్టల్లో ఒక ఫ్రెండ్ వాళ్ల అన్నయ్య పరీక్షలప్పుడు ఇస్తే వెళ్తాను, అదీ తను కొన్న ధరకే, పైసా ఎక్కువ తీసుకోడు. ఎక్కువకి అమ్ముకోవచ్చు కదా అని అడిగితే సిగ్గుపడ్డాడు.

కాప్_డాక్టరమ్మ | డిసెంబర్ 14

ఆ సిగ్గు ఉందే, దాని మీదే అంతా నడుస్తోంది తమ్ముడూ. రేట్లు పెంచుతూ పోతే ముందు పోయేది అదే. 66 పెట్టి కొన్నవాడికి 150కి అమ్మడానికి మొహమాటం ఎందుకుంటుంది?

ఇంకొకటి. క్లబ్బు టీవీవాడికి అమ్మేది ఉత్త ఆటని కాదు, ఆ పాటల్ని, జెండాల్ని, అరుపుల్ని కలిపి అమ్ముతోంది. కరోనా అప్పుడు ఖాళీ స్టేడియాల్లో నకిలీ అరుపులు కలిపి చూపించారు కదా, ఎవరికైనా నచ్చిందా? 2024 ఏప్రిల్‌లో మా దగ్గర రెండు శాతం పెంచారని కాప్ స్టాండువాళ్లు అటలాంటా మ్యాచ్‌కి జెండాలు కట్టడం మానేశారు. ఆ రాత్రి స్టాండు బోసిగా ఉంది. 0-3తో ఓడాం. జెండాలు లేకే ఓడామని అనను, కానీ ఆ రాత్రి టీవీలో చూసిన మా అన్నయ్య గుంటూరు నుంచి ఫోన్ చేసి, ఏంటమ్మా, ఇవాళ ఏదో తేడాగా ఉందన్నాడు. ఆ సందడి చేసేవాళ్లు డబ్బు తీసుకోరు. పైగా టికెట్ కొనుక్కుని వచ్చి చేస్తారు. వాళ్లనే బయటికి నెడితే అమ్మడానికేం మిగులుతుంది?

రెవెన్యూ_రాంబాబు | డిసెంబర్ 15

ఇది నా వృత్తిలో నిజంగా కొలవని విషయం. విమానంలో ప్రయాణికుడు పక్కవాడికి ఆనందం ఇవ్వడు, ఇక్కడ ఇస్తాడు. ఎవరు కూర్చున్నారనేదాన్ని బట్టి సరుకు నాణ్యత మారుతుంది. మా సాఫ్ట్‌వేర్లో ఆ గడి లేదు. అయినా ఒకటి అడుగుతాను, వరల్డ్ కప్‌కి అది వర్తిస్తుందా? నలభై ఎనిమిది దేశాల జనం వస్తారు, సందడి ఎలాగూ ఉంటుంది.

ఎడిసన్_శ్రీదేవి | డిసెంబర్ 15

ఏ జనం వస్తారన్నదేగా ప్రశ్న. జూన్ 16న ఇక్కడ ఫ్రాన్స్‌తో సెనెగల్ మ్యాచ్. డకార్ నుంచి బయల్దేరేవాడికి వీసా కష్టాలు ఒక ఎత్తు, ఈ రేటు ఇంకో ఎత్తు. పోయినసారి, 2022లో, ఖతార్‌లో ఫైనల్ ఖరీదైన సీటు 1,607 డాలర్లు, అక్కడ నివాసం ఉండేవాళ్లకైతే చవకది 206. అక్కడ పనిచేసే మనవాళ్లకి, రెసిడెంట్ కార్డు ఉంటే, గ్రూప్ మ్యాచ్ 40 రియాళ్లకి దొరికింది, పదకొండు డాలర్లు. కరీంనగర్, నిజామాబాద్, కడప నుంచి వెళ్లి దోహాలో కష్టపడినవాళ్లు ఎంతోమంది ఉన్నారు, మా చిన్నాన్న కొడుకు అలాగే పోర్చుగల్ మ్యాచ్ చూశాడు. ఆ స్టేడియాలు కట్టడంలో కూలీలు పడ్డ బాధలు నేను మర్చిపోలేదు, అది వేరే పెద్ద కథ. కానీ గేటు దగ్గర వాడికి ఒక ధర ఉంది. ఇక్కడ మోటెల్లో పనిచేసేవాడికి ఏ ధర ఉంది?

కొత్తగా_చేరాను | డిసెంబర్ 15

నమస్తే అందరికీ. హ్యూస్టన్ పోర్చుగల్ మ్యాచ్‌కి రెండు టికెట్లున్నాయి, కావల్సినవాళ్లు పర్సనల్‌గా మెసేజ్ పెట్టండి, రేటు మాట్లాడుకుందాం.

మోడరేటర్ | డిసెంబర్ 15

ఈ వేదికలో టికెట్ల అమ్మకం కుదరదు. సభ్యుణ్ని తాత్కాలికంగా ఆపాం. ఎవరూ డబ్బు పంపకండి.

ఆఫ్‌సైడ్_అప్పారావు | డిసెంబర్ 15

తిరపతి లడ్డూలాగా ఎక్కడికెళ్లినా ఎవడో ఒకడు బ్లాకులో సంచితో తయారు!

ఫ్రిస్కో_ఫార్వర్డ్ | డిసెంబర్ 16

వార్త చూశారా? ఫిఫా దిగొచ్చింది. ఫైనల్‌తో సహా 104 మ్యాచ్‌లకీ 60 డాలర్ల టికెట్ అట! అభిమానుల కోటాలో పదో వంతు. ఎవరికివ్వాలో ఆయా దేశాల సంఘాలే తేలుస్తాయి, నమ్మకంగా జట్టు వెంట తిరిగేవాళ్లకి ఇవ్వాలని చెప్పారు. యూరప్ అభిమానుల సంఘం పెద్ద నమ్మకద్రోహం అని ప్రకటన ఇచ్చి వారం కాలేదు.

ఎడిసన్_శ్రీదేవి | డిసెంబర్ 16

లెక్క వేయండి. ఆర్లింగ్టన్‌లో 94 వేల సీట్లనుకుందాం. ఒక జట్టు కోటా 8 శాతం, అంటే ఏడున్నర వేలు. అందులో పదో వంతు 750. రెండు జట్లకీ కలిపి పదిహేను వందల మంది 60 డాలర్లకి చూస్తారు. మిగతా తొంభై రెండు వేల పైచిలుకు సీట్ల రేటు అక్కడే ఉంది. పేపర్లో హెడ్డింగ్ మాత్రం 60 డాలర్లు.

కాప్_డాక్టరమ్మ | డిసెంబర్ 16

750 తక్కువే, ఒప్పుకుంటాను. కానీ వారం కిందట అది సున్నా. 77 అప్పుడు కూడా జనం లేచాకే దిగొచ్చారు. ఇప్పుడు ఊరుకోకూడదు. వీల్‌చెయిర్లో వచ్చేవాళ్లకి తోడు మనిషి టికెట్ విడిగా కొనాల్సిందేనట, దాని సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు.

రెవెన్యూ_రాంబాబు | డిసెంబర్ 16

ఈ 60 డాలర్ల టికెట్లు ఎవరికో పేరు పెట్టి ఇస్తున్నారు చూశారా, అది సరైన పద్ధతి. తొంభై శాతం అలాగే ఇచ్చి పది శాతం వేలం వేసినా వాళ్ల ఆదాయం మీరనుకున్నంత పడిపోదు. కార్పొరేట్ బాక్సులు ఎలాగూ వేరే ఉన్నాయి. ఆఫీసులో ఖాళీ ఉన్నప్పుడు లెక్క కట్టి చూడాలనుంది.

నల్లకుంట_నంబర్10 | డిసెంబర్ 17

ఫ్రిస్కో అన్నా, గీ 60 డాలర్ల టికెట్ నీకొస్తదా? నువ్వు ఏ దేశం సంఘంల మెంబర్‌వి?

ఫ్రిస్కో_ఫార్వర్డ్ | డిసెంబర్ 17

అదే తమ్ముడూ గొడవ. అర్జెంటీనా సంఘానికి నేనెవరు? మన జట్టేమో వరల్డ్ కప్‌లో లేదు, మనకి కోటా ఎక్కడ? మనలాంటివాళ్లకి దిక్కు మామూలు లాటరీయే. ఇంట్లో మాట్లాడుకున్నాం. అందరం వెళ్లడం మానేశాం, నేనూ వాడూ మాత్రమే. జోర్డాన్ మ్యాచ్‌కి మూడో కేటగిరీలో పెట్టాను. ఆస్ట్రియా మ్యాచ్ ఇంట్లో టీవీలో చూస్తాం. అది వాడే ఎంచుకున్నాడు, జోర్డాన్ మీద గోల్స్ ఎక్కువ పడతాయని వాడి లెక్క. వాళ్లమ్మ మాత్రం ఆ డబ్బుతో పిల్లాణ్ని ఏడాదంతా కోచింగ్‌కి పంపొచ్చు అంటోంది, అదీ అబద్ధం కాదు.

రూర్_విద్యార్థి | డిసెంబర్ 17

అన్నా, లాటరీలో పేరొస్తే కార్డు నుంచి వాళ్లే లాగేసుకుంటారు, మళ్లీ అడగరు. జనవరి 13 దాకా దరఖాస్తుకి టైముంది. రెండు మూడు మ్యాచ్‌లకి ఊరికే పెట్టేసి వదిలేశావనుకో, అన్నీ తగిలితే అన్నిటికీ కోస్తారు. లిమిట్ చూసుకుని పెట్టు.

ఫ్రిస్కో_ఫార్వర్డ్ | డిసెంబర్ 17

బతికించావు. హ్యూస్టన్‌లో ఇంకోటి కూడా పెట్టి ఉంచాను, ఇప్పుడే వెళ్లి తీసేస్తాను. డాలస్ వాళ్లెవరైనా ఉంటే చెప్పండి, ఆర్లింగ్టన్‌కి రైలు లేదు కదా, ఆట రోజు సెంటర్‌పోర్ట్ స్టేషన్ నుంచి బస్సులు వేస్తారా, లేక పార్కింగుకి మళ్లీ ఇంకో లాటరీయా?

ఆఫ్‌సైడ్_అప్పారావు | డిసెంబర్ 18

కాకినాడలో మా ఇంటి ముందు పార్కింగ్ ఫ్రీ. టీకి మాత్రం ఈసారి డైనమిక్ ప్రైసింగ్ అని మా ఆవిడ చెప్పమంది.